పెరటి గుమ్మం వైపు నుంచి మండువా లోగిలి

పాత మండువా ఇంటి ఫోటో ఎవరైనా పెడితే చాలు, మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఓ గంటసేపు ఇంకో మాట ఉండదు. ‘ఎంత బావుందో’, ‘మా అమ్మమ్మగారిల్లు ఇలాగే ఉండేది’, ‘అలాంటి ఇంట్లో ఒక్క ఏడాదైనా ఉండాలి’ అని వరసగా వచ్చేస్తాయి. నాకూ ఆ ఇళ్ళంటే ప్రాణమే. అయితే ఆ ఫోటోలన్నీ దాదాపు ఒకేచోట నిలబడి తీసినవి. సింహద్వారం దగ్గరో, మండువా మధ్యలోనో. వంటింటి మూలలోంచి తీసిన ఫోటో, పెరటి వసారాలోంచి తీసిన ఫోటో నేను ఇంతవరకు చూడలేదు. ఆ ఇల్లు ఎందుకంత అందంగా కుదిరింది, ఆ అందం ఎవరి వాటాకి ఎంత వచ్చింది, ఈ రెండూ ఒకేచోట రాసుకోవాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

మండువా తెలియని చిన్నవాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఇంటి నడిమధ్యన కప్పు వెయ్యకుండా ఆకాశానికి వదిలేసిన నలుచదరపు చోటు మండువా. దాని చుట్టూ నాలుగు పక్కలా వసారాలు, ఆ వసారాల వెనక గదులు. కప్పు నాలుగువైపుల నుంచీ లోపలికే వాలి ఉంటుంది కాబట్టి వాన పడితే నీళ్ళు ఇంటి మధ్యలో పడతాయి. మండువా నేల వసారాల కన్నా పల్లంగా ఉంటుంది. ఒక మూల తూము. ఆ తూములోంచి నీళ్ళు ఇంటి కిందుగా వీధి కాలవలోకో, పెరట్లో కొబ్బరి పాదుల్లోకో పోతాయి. చూరు కింద గంగాళాలు, బిందెలు పెట్టి పట్టుకున్న వాన నీళ్ళను వంటకి దాచుకునేవారు. ఆ నీళ్ళతో కందిపప్పు చక్కగా ఉడుకుతుంది, నూతి నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఆ తేడా మరీ తెలుస్తుంది.

సంస్కృతంలో చతుశ్శాల అనేది ఈ ఇంటినే. కేరళలో నాలుకెట్టు, కన్నడ దేశంలో తొట్టి మనె, తెలంగాణలో భవంతి. పేర్లు వేరైనా బొమ్మ ఒకటే. అయితే తెలుగు నేలంతా ఇదే ఇల్లు అనుకోకండి. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న రాయలసీమలో దూలాల మీద బండలు పరిచి, పైన చవుడు మట్టి వేసి గట్టిచేసిన మిద్దెలు కట్టుకున్నారు. వెలుగు కోసం కప్పులో చిన్న గవాక్షి. తుపాను గాలికి ఎదురు నిలవాల్సిన ఉత్తరాంధ్ర తీరంలో గుండ్రటి మట్టిగోడల మీద తాటాకు కప్పిన చుట్టిళ్ళు. గాలి కొట్టడానికి మూల అంటూ లేని ఇల్లు అది. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే ఇళ్ళ మ్యూజియం 1996లో తెరిచారు. అక్కడ మన వైపు చుట్టిల్లు, ఉమ్మడి నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం నేతవారి ఇల్లు పక్కపక్కనే చూడొచ్చు. పిల్లల్ని తీసుకుని చెన్నై వెళ్తే మాల్‌కి కాకుండా ఒక పూట అక్కడికి వెళ్ళండి.

నేనిక్కడ గోదావరి, కృష్ణా డెల్టా మండువా గురించే చెప్తాను. నాకు తెలిసింది అదే.

ఆ ఇళ్ళని చూసి ‘వందల ఏళ్ళ నాటివి’ అనేస్తుంటారు. మండువా పద్ధతి పాతదే. కానీ ఇప్పుడు డెల్టా ఊళ్ళలో మనం చూసే పెద్ద పెద్ద టేకు స్తంభాల ఇళ్ళు చాలావాటి వెనక ఉన్న డబ్బు అంత పాతది కాదు. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువుని జనం డొక్కల కరువు అన్నారు. చచ్చినవాళ్ళ ఎముకలు దారుల వెంట పడి ఉన్న కరువు. అటు గోదావరి నీళ్ళు కళ్ళముందే సముద్రంలో కలిసిపోతుంటే ఇటు పొలాలు ఎండిపోయేవి, వరదొస్తే మునిగిపోయేవి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి అయింది. కాలవలు వచ్చాయి, వరి పండింది, మిగిలిన ధాన్యం అమ్ముడుపోయింది. మెట్ట పైరు మీద బతికిన కుటుంబాల చేతిలో ఒకటి రెండు తరాల్లోనే రొక్కం ఆడింది. రొక్కం ఆడిన మనిషి మొదట చేసే పని ఏమిటో మనకి తెలియనిదేముంది, ఇల్లు కట్టడమే.

ఇంకో తమాషా ఉంది. కాటన్ కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. బండ్ల మీద తెచ్చుకోలేని బరువులు పడవ మీద ఊరి రేవు దాకా వచ్చేవి. అంటే ఆ ఇళ్ళు నీళ్ళ మీద వచ్చాయన్నమాట. భద్రాచలం అడవుల్లో కొట్టిన మానుల్ని తెప్పలు కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి చేరేవి. ఇంకా ఘనంగా కట్టాలనుకున్నవాళ్ళకి బర్మా టేకు సముద్రం మీద కాకినాడకి వచ్చేది. అదే కాకినాడ రేవు నుంచి మనవాళ్ళు వేలమంది కూలికోసం రంగూను ఓడ ఎక్కారు. ‘రంగం వెళ్ళాడు’ అనేవాళ్ళు పెద్దలు. అక్కడి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. పేదింటి మనిషి అటు వెళ్తుంటే, కలిగినింటి స్తంభం ఇటు వచ్చేది. మండువాలో నున్నటి టేకు స్తంభాన్ని నిమిరినప్పుడల్లా నాకు ఆ ఎదురుబొదురు ఓడలే గుర్తొస్తాయి.

కప్పు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో గూన పెంకులే. కుమ్మరి సారె మీద గొట్టంలాగా చేసి, రెండుగా చీల్చి కాల్చిన పెంకు అది. చూడ్డానికి బావుంటుంది కానీ కోతి గెంతితే జరిగిపోతుంది, ఏటా వానలకి ముందు మనిషిని పెట్టి సర్దించాలి. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే పలకపెంకు వచ్చింది. అదే మంగుళూరు పెంకు. తేలిక, కారదు, ఏటా సర్దక్కర్లేదు. తర్వాత అలాంటి ఫ్యాక్టరీలు చాలాచోట్ల వెలిశాయి. మనం ‘అచ్చ తెలుగు పెంకుటిల్లు’ అని మురిసిపోయే చాలా ఇళ్ళ నెత్తిన ఉన్నది జర్మన్ స్విస్ మిషనరీలు దక్షిణ కన్నడంలో మొదలుపెట్టిన పెంకు. అందులో చిన్నతనమేమీ లేదు. మంచి ఇల్లు ఎప్పుడూ పదిచోట్ల సరుకుతోనే కడతారు.

గోడలు ఇటుకవి, కొన్నిచోట్ల మట్టివి. జానెడు కాదు, మూరెడు మందం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. ఇటుకల మధ్య గానుగ సున్నం. నేల మీద గుండ్రంగా రాతి కాలవ కట్టి, అందులో సున్నం, ఇసుక పోసి, ఎద్దు లాగే రాతి చక్రంతో రోజుల తరబడి నూరేవారు. సముద్రం దగ్గర ఊళ్ళలో గవ్వలు, ఆల్చిప్పలు కాల్చిన గుల్లసున్నం. గట్టిదనం కోసం బెల్లం నీళ్ళు, కరక్కాయ నానేసిన నీళ్ళు కలిపేవారు. మేడ ఉన్న ఇళ్ళలో పైకప్పు మీద సున్నపు పూత గట్టిపడాలంటే దాన్ని కొట్టి కొట్టి దిట్టం చెయ్యాలి. ఆ పని ఆడకూలీలది. వరసగా కూర్చుని చెక్క పలకలతో ఒకే దరువున, పాట పాడుకుంటూ రోజులకి రోజులు కొట్టేవారు. ఆ మేడ మీద పట్టుచీర కట్టుకుని వెన్నెట్లో కూర్చున్న ఇల్లాలి కింద వాళ్ళ పాట ఉంది.

చల్లదనం కూడా మంత్రమేం కాదు. మందపు గోడ ఎండని లోపలికి రానివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. వసారా నీడ వల్ల గది గోడకి ఎండే తగలదు. వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంటే వీధి గుమ్మం, పెరటి గుమ్మం నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. అందుకే ఆ రెండు గుమ్మాలూ ఒకే వరసలో పెట్టేవారు. రాత్రి ఆకాశం కింద మండువా చల్లబడుతుంది, ఆ చల్లగాలి బరువుగా కిందికి దిగి గదుల్లోకి పాకి, మర్నాడు పొద్దెక్కే దాకా ఉంటుంది. మే నెలలో ఏసీ బిల్లు చూసినప్పుడు ఇది తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఎక్కడ.

వీధి అరుగు మగవాళ్ళది. పంచాంగం చెప్పించుకోవడం, పేకాట, తగువు తీర్చడం, పొరుగూరి మనిషి రాత్రికి నడుం వాల్చడం, అన్నీ అక్కడే. పక్క ఊరినుంచి నడిచొచ్చిన ముక్కూమొహం తెలియని బాటసారికి ఆ అరుగు మీద చోటుంది. ఆ ఇంటి కోడలికి లేదు. ఆవిడ వీధి గుమ్మం దాటేది తెల్లారుజామున ముగ్గు పెట్టడానికి, వీధిలో అలికిడి మొదలవ్వకముందే లోపలికి వచ్చెయ్యాలి. సావిడి కూడా మగవాళ్ళదే, ఉయ్యాలబల్ల మావగారిది. మండువా మాత్రం అందరిదీ అంటారు. నిజమే, పెళ్ళి అక్కడే, బొమ్మల కొలువు పక్క వసారాలో, అప్పడాలు ఎండేది అక్కడ, పసిపిల్లలు వాన నీళ్ళలో పడవలు వేసేది అక్కడ. కానీ ఏ వేళకి ఎవరిది అన్నది చూడాలి. మా అత్తగారు మండువా ఇంట్లోకి కోడలిగా వచ్చిన మనిషి. ఒకసారి నేను మండువా వెన్నెల గురించి ఏదో కవిత్వం మాట్లాడుతుంటే నవ్వి, "వెన్నెల బావుండేదే అమ్మాయ్! పని తెముల్చుకుని నేనొచ్చేసరికి మండువా నిండా మడతమంచాలు, మావగార్లు, బావగార్లు. మేం పక్క వసారాలో గోడవారగా దాటుకుని పోయేవాళ్ళం" అన్నారు.

వంటిల్లు వెనకవైపు, ఎక్కువగా ఆగ్నేయ మూల. ఇల్లంతా వెలుతురు కోసం, గాలికోసం ఇంత ఆలోచించిన మేస్త్రి వంటింటికి వచ్చేసరికి చిన్న కిటికీ, కప్పులో పొగ పోవడానికి ఒక కంత పెట్టి సరిపెట్టేవాడు. మడి, దిష్టి, ఎంగిలి, రకరకాల కారణాలు చెప్పేవారు. కట్టెల పొయ్యి, తడి పిడకలు, పొయ్యిగొట్టం. వాసాలు నల్లగా నిగనిగలాడేవి. ఆ పొగ పట్టిన కర్రకి పురుగు పట్టదని గొప్పగా చెప్పడం నేను విన్నాను. కర్ర సంగతి సరే, దాని కింద నలభై ఏళ్ళు కూర్చున్న ఆవిడ కళ్ళ సంగతి, దగ్గు సంగతి ఎవరూ అడిగినట్టు లేదు. వంటింటి నుంచి నుయ్యి పెరట్లో, గాదె ఇంకో మూల, ఊరగాయ జాడీలు అటక మీద. రోజుకి ఎన్ని బిందెలు, ఎన్నిసార్లు నిచ్చెన. ఏటా సంక్రాంతికి ముందు గోడలకి సున్నం, కింద ఎర్రమట్టి పట్టీ, దాని మీద తెల్లగీతలు. మట్టి నేలైతే వారం వారం పేడతో అలకడం. మనం ఫోటోలో చూసి ‘ఎంత శుభ్రంగా ఉందో’ అంటామే, ఆ శుభ్రం ఇటుకతో, టేకుతో వచ్చింది కాదు.

పెరటి వసారా చివర ఒక గది ఉండేది. నెలలో మూడు రోజులు అక్కడ. పురిటి గదీ ఆ పక్కనే, కిటికీ ఉన్నా మూసేసి, కుంపటి పెట్టి. భర్త పోయిన ఆవిడ మకాం కూడా క్రమంగా ఆ వైపుకే జరిగేది. మండువా పటం గీసి ఆడమనిషి వయసు, స్థితి మారినకొద్దీ ఎక్కడెక్కడ తిరగొచ్చో రంగులేస్తే, ఇల్లు ఎంత పెద్దదైనా ఆవిడ చోటు ఎంత చిన్నదో తెలుస్తుంది.

ఇంకో సంగతి దాటెయ్యకూడదు. ఈ ఇళ్ళు ఊళ్ళో అందరివీ కావు, కాలవ కింద భూమి ఉన్నవాళ్ళవి. ఇటుక మోసినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు, గాదెలు నింపినవాళ్ళు గృహప్రవేశం అయ్యాక ఆ గడప లోపలికి వచ్చినవాళ్ళు కారు. చాలామందికి పెరటి దారే, అదీ గొడ్లసావిడి దాకానే.

పెరటి దారి అంటే గుర్తొచ్చింది. ‘దొడ్డిదారిన వచ్చాడు’ అంటే ఇప్పుడు తిట్టు. అక్రమంగా ఉద్యోగం సంపాదించినవాణ్ణి అంటాం. కానీ ఒకప్పుడు ఆడవాళ్ళ రాచబాట అదే. ఒక ఇంటి పెరటికి ఇంకో ఇంటి పెరడు ఆనుకుని ఉండేది, మధ్య కంచెలో ఒక మనిషి దూరేంత సందు. కూరాకు, కాస్త మజ్జిగ తోడు, పురిటి కబురు, పెళ్ళి సంబంధం, మొగుడు కొట్టిన సంగతి, చదవడానికి తెచ్చుకున్న వారపత్రిక, అన్నీ ఆ సందులోంచే వీధి మొహం చూడకుండా ఊరు చుట్టివచ్చేవి. మగవాళ్ళకి వీధి వెంట ఒక ఊరుంటే ఆడవాళ్ళకి దొడ్ల వెంట ఇంకో ఊరు ఉండేది. పాత ఇళ్ళ మీద రాసేవాళ్ళు చెక్కుడు గుమ్మాల గురించి పేజీలు రాస్తారు, ఈ సందు గురించి ఒక్క వాక్యం రాయరు. నాకైతే ఆ ఇళ్ళలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే అనిపిస్తుంది, ఏ మేస్త్రీ దాన్ని కట్టలేదు.

ఒక ఇంటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు. ప్రభుత్వం కాపాడుతోంది, వెళ్ళి చూడొచ్చు. వితంతువుల పెళ్ళి చట్టం 1856లోనే వచ్చినా మన దగ్గర పాతికేళ్ళు అది కాగితం మీదే ఉంది. 1881 డిసెంబరు 11న ఆ ఇంట్లో తొలి వితంతు వివాహం జరిగింది. ఊరంతా వెలి వేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండి పెట్టారు. పంతులుగారి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం నా కళ్ళు ఆ బిందెలు దిగిన గుమ్మాన్నే వెతుకుతాయి. మూల గదిలోకి నెట్టేసిన ఆడపిల్లని పెళ్ళిపీటల మీదికి తెచ్చిన రోజున, ఆ ఇల్లు నిలబడింది వంటింటి వైపు నుంచే.

మనది విచిత్రమైన భాష. పెళ్ళయిన ఆడదాన్ని ‘ఇల్లాలు’ అంటాం. మగాడికి పెళ్ళయితే ‘ఓ ఇంటివాడయ్యాడు’ అంటాం, అంటే ఆవిడ వస్తేనే వాడికి ఇల్లు. కానీ ఇంటిపేరు ఆయనది, ఇంటి పట్టా ఆయనది. ఈ పట్టా కథ ఆ ఇళ్ళ చరిత్రలో భాగమే, మనం ఎప్పుడూ చెప్పుకోం కానీ.

పెళ్ళప్పుడు అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం మనవైపు ఆనవాయితీ. ఇల్లు మాత్రం ఎన్నడూ ఆ లెక్కలోకి వచ్చేది కాదు. 1937 చట్టం భర్త పోయిన ఆవిడకి వాటా ఇచ్చింది, అయితే బతికినంత కాలం అనుభవించడమే, అమ్మే హక్కు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ ఆంక్ష తీసేసి ఆడదాని ఆస్తి పూర్తిగా ఆడదానిదే అంది, తండ్రి వాటాలో కూతుర్నీ వారసురాల్ని చేసింది. బావుంది కదా? అదే చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. కుటుంబం కాపురం ఉంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుందాం అనుకునే దాకా ఆడ వారసురాలు పంచమని అడగడానికి లేదు. అందులో ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, భర్త పోయిన కూతురికి మాత్రమే. అంటే కాపురం సవ్యంగా ఉన్నంత కాలం పుట్టిల్లు నీది కాదు. చెడితే వచ్చి ఓ మూల ఉండు. పెరటి వసారా చివరి గదిని చట్టంలో రాసి పెట్టినట్టు లేదూ?

మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం మనదే. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళని వదిలేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణతో వచ్చింది. దాంతో పాటే ఆ 23వ సెక్షన్ కూడా పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు కూతురిదే అని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తాతల నాటి టేకు గుమ్మం ముందు ఫోటో దిగి ‘నా పుట్టిల్లు’ అని రాసుకునే మనకి ఆ మాట చట్టం ప్రకారం నిజమయింది ఈ మధ్యనే.

ఈలోగా ఆ ఇళ్ళు ఏమయ్యాయి? అన్నదమ్ములు పంచుకున్నారు. పొలాన్ని గట్టు వేసి పంచొచ్చు, గాదెలో ధాన్యాన్ని కుంచంతో కొలవొచ్చు. మండువా ఇంటిని పంచడం ఎలా? తూర్పు సగం పెద్దవాడికి, పడమర సగం చిన్నవాడికి అని మండువా మధ్యలోంచి అడ్డగోడ లేపారు. మీలో చాలామంది చూసే ఉంటారు అలాంటి ఇంటిని. నాలుగు వాలుల కప్పులో రెండు వాలులు ఒకరివి, రెండు ఒకరివి. తూము ఒకరి వైపు పడింది. రెండోవాళ్ళ వైపు వాన నీళ్ళు నిలిచిపోయి గోడ పునాది నానింది. గాలి ఆగిపోయింది, వెలుతురు సగమైంది. ఒకరి వాటాలో నుయ్యి లేదు, ఇంకొకరి వాటాలో వీధి గుమ్మం లేదు. కొన్నేళ్ళకి ఒక సగం కూల్చి డాబా వేశారు, రెండో సగం ఆనుకునే గోడ లేక ఒరిగింది. ఇంటి మధ్య ఖాళీ చోటు చుట్టూ అల్లిన ఇల్లు అది. ఆ ఖాళీ పోతే ఇల్లు నిలవదు.

కారైక్కుడి చుట్టుపక్కల చెట్టినాడు వాళ్ళ ఇళ్ళలో ఇంకో దారి. వాళ్ళూ బర్మా వ్యాపారంలో సంపాదించి, బర్మా టేకుతో, ఇటలీ చలవరాయితో, గుడ్డు తెల్లసొన కలిపి అద్దంలా నునుపు చేసిన సున్నపు గోడలతో కట్టుకున్నారు. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించాక ఆ డబ్బు దారి మూసుకుపోయింది. వాళ్ళు ఇల్లు పగలగొట్టి పంచుకోలేదు. పెళ్ళయిన ప్రతి కొడుక్కీ వలవు చుట్టూ ఒక్కో గది, మిగతా అంతా ఉమ్మడి. మండువా లాంటిదే వాళ్ళ వలవు. తరాలు గడిచి ఒక్కో ఇంటికి డజన్ల కొద్దీ హక్కుదారులు తేలారు. అమ్మాలన్నా అందరూ ఒప్పుకోవాలి, కప్పు బాగుచెయ్యాలన్నా అందరూ డబ్బివ్వాలి. పెళ్ళికో పండక్కో తాళం తీస్తారు. కొన్ని హోటళ్ళయ్యాయి, ఆత్తంగుడి గచ్చు మీద ఇప్పుడు టూరిస్టులు నడుస్తున్నారు. మన ఇల్లు గోడ పడి పోయింది, వాళ్ళ ఇల్లు తాళం పడి మిగిలింది. రెండుచోట్లా ఇల్లు ఏం కావాలో నిర్ణయించిన కూటంలో ఆడపిల్లలు మాత్రం లేరు.

ఇప్పుడు ఉండాల్సి వస్తోంది. పాత ఇల్లు అమ్మాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో అక్కచెల్లెళ్ళ సంతకం అడుగుతున్నారు. మా బంధువుల్లోనే ఈ పదేళ్ళలో నాలుగైదు ఇళ్ళకి అలా కబురొచ్చింది. చీర పెట్టి, భోజనం పెట్టి, "ఇక్కడో సంతకం పెట్టవే" అంటారు. పుట్టింటి వాకిలి మూసుకుపోతుందని భయపడి చాలామంది పెట్టేస్తారు, ఆ ఇంటి మీద అందరికన్నా ఎక్కువ బెంగ ఉన్నది వాళ్ళకే అయినా. ఒకావిడ మాత్రం వెంటనే పెట్టలేదు. నాకు వరసకి పిన్ని అవుతుంది. "డబ్బు వద్దు. కూల్చేముందు ఇంటి కొలతలు తీయించి పటం గీయించండి, అన్ని గదులూ ఫోటోలు తీయించండి, వంటిల్లు, పెరటి గది కూడా. అవి తెచ్చిస్తే సంతకం పెడతాను" అంది. అన్నదమ్ములు విసుక్కున్నారు. అయినా తీయించారు. వంటింటి గోడలో అగ్గిపెట్టె గూడు, చిలకకొయ్య, పాల కుండ వేలాడదీసిన ఉట్టి కొక్కెం, అన్నీ ఉన్నాయి అందులో. పిన్ని ఆ పటం మీద ఎక్కడ ఎవరు పుట్టారో, ఎక్కడ ఎవరు పోయారో పెన్సిలుతో రాసుకుంది.

తర్వాత ఇల్లు కూల్చారు. సింహద్వారం, స్తంభాలు, దూలాలు పాత కలప కొనేవాడు లారీ మీద పట్టుకుపోయాడు. ఆ గుమ్మాలు సిటీల్లో రిసార్టులకి, డైనింగ్ టేబుళ్ళకి వెళ్తాయట, మంచి ధర పలుకుతుందట. పెంకులు ఊళ్ళోవాళ్ళు గొడ్లపాకలకి అడిగి తీసుకున్నారు. రుబ్బురోలు, పొయ్యి గడ్డ, నూతి పళ్ళెం అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పొక్లెయిన్ వాడు రోలుని పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లోకి దొర్లించి వెళ్ళిపోయాడు. పిన్ని ఆటో మాట్లాడుకుని వెళ్ళి దాన్ని తెచ్చుకుంది. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎక్కించడానికి వాచ్‌మన్ ఒప్పుకోలేదు, కింద పార్కింగులో కారు పక్కన పెట్టించింది.